ఇంట్లో బేకింగ్ చేసి అమ్మడానికి ఏ దారి: సొంత వంటగదా, వేరే గదా, అద్దె కిచెనా?

ఇంట్లో కేకులు, కుకీలు, బ్రెడ్ చేసి అమ్మాలనుకునేవాళ్లు చాలామంది మొదట వెతికేది లైసెన్స్ ఫారం ఎక్కడ దొరుకుతుందని. ఫారం నింపడం చివరి పని. అంతకుముందు రెండు విషయాలు తేల్చుకోవాలి: ఏం చేసి అమ్ముతారు, ఎవరికి అమ్ముతారు. ఈ రెండూ తేలితే మీ వంటగది సరిపోతుందో లేదో, తనిఖీ ఎంత గట్టిగా ఉంటుందో చాలావరకు తెలిసిపోతుంది. అవి తేలకుండానే గోడలకు టైల్స్ వేయించి, రెండో సింక్ పెట్టించి, పెద్ద ఓవెన్ కొని ఆ తర్వాత ఆఫీసుకు వెళ్తే, పెట్టిన ఖర్చులో కొంత వృథా కావచ్చు. కట్టింది పనికిరాదని తెలిసి మళ్లీ పగలగొట్టించుకోవడం అన్నిటికంటే బాధ.

దారులు మూడు. ఇంట్లోవాళ్లు రోజూ వండుకునే వంటగదిలోనే చేసి అమ్మడం మొదటిది. ఇంటి ఆవరణలోనే వ్యాపారం కోసం వేరుగా కిచెన్ కట్టుకుని పూర్తి లైసెన్స్ తీసుకోవడం రెండోది. ఇప్పటికే లైసెన్స్ ఉన్న కమర్షియల్ కిచెన్‌ను గంటల లెక్కన అద్దెకు తీసుకోవడం మూడోది. నా అభిప్రాయం ముందే చెబుతాను: కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమందికి మొదటిదో మూడోదో చాలు. రెండోది మంచిదే, కానీ ఆర్డర్లు నిలకడగా వస్తున్నాయని తెలిశాక దాని జోలికి వెళ్లాలి.

ముందు మెనూ, తర్వాత వంటగది

ఫుడ్ సేఫ్టీ నియమాలు బేకరీ పదార్థాలను పేరును బట్టి విడదీయవు. బయట పెట్టినా ప్రమాదం లేనివా, ఫ్రిజ్‌లో ఉంచాల్సినవా అన్నదే వాటికి ముఖ్యం. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. గది వేడిలో ఉంచి అమ్మే పదార్థం అంటే అచ్చంగా ఈ వేడిలోనే ఉండేది. మరి కుకీ అక్కడ ఎందుకు భద్రం, కస్టర్డ్ ఎందుకు కాదు?

కారణం వాటర్ యాక్టివిటీ. పదార్థంలో ఎంత నీరు ఉందన్నది కాదు, అందులో సూక్ష్మజీవులకు అందే నీరు ఎంతన్నది ఈ కొలత చెబుతుంది. మామూలు నీటికి ఇది 1. ఈ అంకె 0.85 లేదా అంతకంటే తక్కువ ఉంటే జబ్బు కలిగించే బ్యాక్టీరియా పెరగలేదు. చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టే చక్కెర ఎక్కువున్న ఐసింగ్ బయట ఉన్నా పాడవదు. ఇంకో కొలత పులుపుది: పిహెచ్ 4.6 లేదా అంతకంటే తక్కువ ఉంటే బొట్యులిజం (ప్రాణం తీయగల ఆహార విషం) తెచ్చే బ్యాక్టీరియా పెరగదు. ఇంటి బేకింగ్‌కు ఏవి అనుమతించాలో రాసేటప్పుడు చాలా చోట్ల అధికారులు ఈ రెండు అంకెలనే చూస్తారు.

దీన్ని మెనూకు అన్వయిస్తే కుకీలు, బిస్కెట్లు, రస్కులు, క్రీమ్ లేని కేకులు, మఫిన్లు, మామూలు బ్రెడ్ భద్రమైన వైపు ఉంటాయి. బ్రెడ్ లోపల తేమ ఎక్కువే, అయినా బాగా కాలిన బ్రెడ్‌ను ఎక్కువ చోట్ల ఈ వర్గంలోనే ఉంచుతారు. ఫ్రెష్ క్రీమ్ కేకులు, కస్టర్డ్ నింపినవి, చీజ్‌కేక్, మాంసం కూరిన బన్నులు ఫ్రిజ్ వైపు ఉంటాయి. నూనెలో నానబెట్టిన పచ్చి వెల్లుల్లి కూడా ప్రమాదమే, ఇంట్లో చేసే గార్లిక్ బ్రెడ్ వాళ్లకు ఇది తెలియాలి. గాలి తగలని నూనెలో బొట్యులిజం బ్యాక్టీరియాకు అనువైన చోటు దొరుకుతుంది.

చిక్కంతా మధ్యలో ఉన్నవాటితో. బటర్‌క్రీమ్, గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపిన పూత), క్రీమ్ చీజ్ ఫ్రాస్టింగ్ ఎటు పడతాయో మీ రెసిపీ చెప్పాలి. వెన్నలో ఐసింగ్ షుగర్ దండిగా కలిపితే ఒక ఫలితం, గుడ్డు తెల్లసొనతో చేస్తే ఇంకో ఫలితం. గనాష్‌లో క్రీమ్ పెరిగేకొద్దీ అది ఫ్రిజ్ వైపు జరుగుతుంది. ఇలాంటిది మీ మెనూలో ముఖ్యమైతే ఫుడ్ ల్యాబ్‌లో వాటర్ యాక్టివిటీ పరీక్ష చేయించండి. రిపోర్ట్ చేతిలో ఉంటే అధికారితో మాట తేలికవుతుంది. ఆ రిపోర్ట్ ఆ రెసిపీకే చెల్లుతుంది, చక్కెర తగ్గించారంటే మళ్లీ పరీక్ష చేయించాలి.

కస్టర్డ్, క్రీమ్ విషయంలో నియమాలు ఇంత గట్టిగా ఉండటానికి ఇంకో కారణం చేతులు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా చాలామంది ముక్కులో, చర్మం మీద ఉంటుంది. చేతి నుంచి క్రీమ్‌లోకి చేరి, వేడిలో కొన్ని గంటలు ఉంటే విషం తయారుచేస్తుంది. మళ్లీ వేడి చేస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ ఆ విషం పోదు. ఫ్రిజ్ మీద, చేతులు కడుక్కునే సింక్ మీద ఇన్‌స్పెక్టర్లు అంత పట్టుపట్టేది ఇందుకే.

చట్టం ఒక్కో చోట ఒక్కోలా

బేకింగ్ సైన్స్ అంతటా ఒకటే, అనుమతి మాత్రం అలా కాదు. బ్రిటన్‌లో ఇంటి నుంచి ఆహారం అమ్మాలంటే మొదలుపెట్టడానికి కనీసం 28 రోజుల ముందు స్థానిక కౌన్సిల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు, దాన్ని నిరాకరించరు కూడా. తర్వాత అధికారి వచ్చి చూస్తారు. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో పరిశుభ్రతకు 0 నుంచి 5 వరకు రేటింగ్ ఇస్తారు. యూరోపియన్ యూనియన్ ఆహార పరిశుభ్రత చట్టం 852/2004లో, అమ్మకానికి తరచూ ఆహారం తయారుచేసే నివాస గృహాలకు కూడా వర్తించే ఒక అధ్యాయం విడిగా ఉంది. రెస్టారెంట్ కిచెన్ల కంటే అందులో కాస్త సడలింపు కనిపిస్తుంది.

అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అక్కడ వీటిని కాటేజ్ ఫుడ్ చట్టాలు అంటారు. కాలిఫోర్నియాలో 2013 నుంచి అమల్లో ఉన్న పద్ధతి మన పోలికకు చక్కగా పనికొస్తుంది. క్లాస్ ఎ కింద కొనేవాళ్లకు నేరుగా మాత్రమే అమ్మాలి, వంటగది గురించి మీరే చెక్‌లిస్ట్ నింపి ఇస్తారు. క్లాస్ బి కింద దుకాణాలకు, రెస్టారెంట్లకు కూడా ఇవ్వొచ్చు, కానీ వంటగదికి తనిఖీ ఉంటుంది. న్యూజెర్సీలో ఇంట్లో చేసిన బేకరీ పదార్థాల అమ్మకానికి 2021 దాకా అనుమతే లేదు. భారత్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ టర్నోవర్‌ను బట్టి చిన్నవాళ్లకు రిజిస్ట్రేషన్, పెద్దవాళ్లకు లైసెన్స్ అని విడదీసింది.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ప్రమాదం తక్కువున్న పదార్థం చేసి, తినేవాళ్లకే నేరుగా అమ్మితే నియమాలు సులువు. దుకాణానికో కేఫేకో ఇచ్చి, వాళ్ల ద్వారా అమ్మితే కఠినం. నేరుగా అమ్మినప్పుడు కొన్నవాళ్లు వచ్చి మిమ్మల్నే అడగగలరు. మధ్యలో ఇంకొకరు చేరితే సరుకు ఎన్ని గంటలు, ఎంత వేడిలో ఉందో మీ చేతిలో ఉండదు. అందుకే 'ఎవరికి అమ్ముతారు' అన్న ప్రశ్న ఫారంలో మొదట్లోనే వస్తుంది.

సొంత వంటగది

ఇది అన్నిటికంటే తక్కువ ఖర్చు దారి. పిల్లలు నిద్రపోయాక పిండి కలుపుకోవచ్చు, తెల్లవారుజామున ఓవెన్ పెట్టుకోవచ్చు. పరిమితులు కూడా ఇక్కడే ఎక్కువ. మెనూ చాలా చోట్ల బయట నిలవ ఉండేవాటికే పరిమితం. కొన్ని చోట్ల ఏడాదికి ఇంత అమ్మకమే అన్న హద్దు ఉంటుంది. ఇంటి వంటగదిలో తయారైందని లేబుల్ మీద రాయాలనే నియమం కూడా చాలా చోట్ల ఉంది. దాన్ని చూసి చిన్నతనం అనుకోనక్కర్లేదు. శుభ్రంగా చేసేవాళ్లకు ఆ మాట ఆకర్షణే అవుతుంది.

తనిఖీ అంటే చాలామంది టెన్షన్ పడతారు. వచ్చేవాళ్లకు మీ కప్‌బోర్డులు కొత్తవా పాతవా అన్నది పట్టదు. చేతులు ఎక్కడ కడుగుతారు, ఫ్రిజ్ ఎంత చల్లగా ఉంది, పురుగూ ఎలుకా జాడ ఉందా, ఇంటి వంట అమ్మకం వంటతో కలుస్తోందా, ఈ నాలుగూ వాళ్ల కళ్లు వెతికేవి.

చేతుల దగ్గర సబ్బు, వేడినీళ్లు, ఒకసారి వాడి పారేసే పేపర్ టవల్ ఉండాలి. గిన్నెలు తుడిచే బట్టతోనే చేతులు తుడవడం అధికారి కంట పడితే అక్కడే రాసుకుంటారు. సింక్ ఒక్కటే ఉంటే అది చేతులకు, గిన్నెలకు ఎలా సరిపెడతారో చెప్పగలగాలి. కొన్ని చోట్ల చేతులకు వేరే సింక్ తప్పనిసరి, ఇది ముందే అడగండి. ఎందుకంటే అన్నిటికంటే ఖర్చయ్యే మార్పు ఇదే. ఫ్రిజ్‌లో విడిగా ఒక థర్మామీటర్ పెట్టండి. 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ చూపించాలి. తలుపు మీద అంకె కనిపించే ఫ్రిజ్ అయినా సరే, లోపల థర్మామీటర్ ఉంటే అధికారికి నమ్మకం కలుగుతుంది. పచ్చి గుడ్లు కింది అరలో, అమ్మకానికి వాడే వెన్న, క్రీమ్ ఇంటివాటికి దూరంగా, మూతపెట్టి ఉండాలి. చిన్న ఫ్రిజ్ ఒకటి వ్యాపారానికే కేటాయించడం ఈ మొత్తంలో నాకు నచ్చిన ఖర్చు. దానితో సగం ప్రశ్నలు రావు.

పిండి మూట నేల మీద ఉండకూడదు. గట్టి మూత ఉన్న డబ్బాలో, నేలకు కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున ఉంచితే తడి తగలదు, కింద ఊడ్చడానికి వీలవుతుంది, పురుగు పడితే వెంటనే కనబడుతుంది. పచ్చి పిండి కూడా తినడానికి సిద్ధమైన పదార్థం కాదని గుర్తుంచుకోండి. గోధుమ పొలం నుంచి వచ్చింది, దాన్ని ఎవరూ వేడి చేయలేదు, అందులో సాల్మొనెల్లా, ఇ.కోలై లాంటి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు. పిండి ముట్టుకున్న చేత్తోనే ఐసింగ్ వేయడం అందుకే తప్పు. కౌంటర్ పగుళ్లు లేకుండా, నీరు పీల్చని ఉపరితలంతో ఉండాలి. ఓవెన్, కౌంటర్ పైన బల్బులకు కవర్ ఉంటే, పగిలినా గాజు పిండిలో పడదు.

పెంపుడు జంతువుల దగ్గర ఇళ్లకు ఎక్కువగా చిక్కొస్తుంది. కొన్ని చోట్ల బేకింగ్ జరిగే సమయంలో వంటగదిలో లేకపోతే చాలు. కొన్ని చోట్ల ఇంట్లోనే ఉండకూడదంటారు. పిల్లి కౌంటర్ ఎక్కే ఇల్లయితే నిజాయితీగా ఆలోచించుకోండి. అధికారి ఒకరోజే వస్తారు, కొనేవాళ్లు రోజూ తింటారు.

నీరు బోరు నుంచో బావి నుంచో వస్తుంటే నీటి పరీక్ష రిపోర్ట్ అడుగుతారు. దానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి. కాగితాలు కూడా చూస్తారు: సరుకు ఎక్కడ కొన్నారో బిల్లులు, ఫ్రిజ్ డిగ్రీలు రాసుకునే పట్టిక, శుభ్రం చేసే క్రమం. పెద్ద ఫైలు అక్కర్లేదు, ఒక నోట్‌బుక్ చాలు. కానీ అది నిజంగా రోజూ రాసిందై ఉండాలి. అన్ని రోజులూ ఒకే సిరాతో, ఒకే అంకెతో నింపిన పట్టికను అనుభవమున్న అధికారి వెంటనే గుర్తుపడతారు. ఇంకో మాట తప్పకుండా అడుగుతారు: మీకు వాంతులో విరేచనాలో అయితే ఏం చేస్తారు? బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం అవి ఆగాక 48 గంటలు ఆహారం ముట్టకూడదు. ఆ వారం ఆర్డర్లు ఎలా సర్దుతారో ముందే ఆలోచించి పెట్టుకుంటే జవాబు సహజంగా వస్తుంది.

అద్దె కిచెన్

క్రీమ్ కేకులే మీ పేరు నిలబెట్టేవైతే, కేఫేలకు సరఫరా చేయాలనుకుంటే, ఇంటి దారిలో ఎన్ని మార్పులు చేసినా గోడకు తల కొట్టుకున్నట్టే ఉంటుంది. అప్పుడు అద్దె కిచెన్ మేలు. తనిఖీ అయిన చోటు, పెద్ద ఓవెన్లు, స్టీల్ టేబుళ్లు, వేరే హ్యాండ్‌వాష్ సింక్ అన్నీ సిద్ధంగా ఉంటాయి. కిచెన్ యజమానికి లైసెన్స్ ఉంటే మీకు అక్కర్లేదని మాత్రం అనుకోకండి. చాలా చోట్ల మీ వ్యాపారానికి మీ పేరు మీద అనుమతి విడిగా కావాలి.

అద్దె మాట్లాడుకునే ముందు యజమాని లైసెన్స్ ఇంకా చెల్లుతోందో చూడండి, చివరి తనిఖీ రిపోర్ట్ అడగండి. చూపించడానికి వెనకాడితే ఇంకో కిచెన్ చూసుకోవడం మంచిది. గంట అద్దెలో ఫ్రిజ్ చోటు, సరుకు దాచుకునే చోటు కలిసి ఉన్నాయా లేదా అడగండి. చాలాసార్లు అవి విడి లెక్క. బేకింగ్‌లో ఈ తేడా పెద్దది, ఎందుకంటే పిండి పొంగడానికి, కేకు చల్లారడానికి పట్టే గంటలకు కూడా మీరు అద్దె కడతారు. కూర వండేవాళ్లతో పోలిస్తే బేకింగ్ చేసేవాళ్లకు అద్దె కిచెన్ ఖరీదయ్యేది ఇక్కడే. పిండి ఇంట్లో కలిపి అక్కడ కాల్చుకుందామనే ఆలోచన వస్తుంది. అనుమతి లేని చోట తయారీ మొదలుపెట్టడం ఎక్కువ చోట్ల నియమానికి విరుద్ధం, అది చేయకండి.

ఓవెన్ కూడా మారుతుంది. ఫ్యాన్ ఉన్న కన్వెక్షన్ ఓవెన్‌లో మామూలు ఓవెన్ కంటే 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించి మొదలుపెట్టాలి. మీ రెసిపీలన్నీ అక్కడ ఒకసారి చేసి చూశాకే ఆర్డర్లు తీసుకోండి.

అలర్జీ లెక్క

ఈ పోలికలో చాలామంది వదిలేసేది ఇదే, నాకు ఎక్కువ ఆందోళన కలిగించేదీ ఇదే. యూరోపియన్ యూనియన్ 14 అలర్జీ పదార్థాలను తప్పనిసరిగా తెలపాలంటుంది. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులు కూడా చేరి అవి 9 అయ్యాయి. గోధుమ, పాలు, గుడ్లు, సోయా, బాదం జీడిపప్పు లాంటివి, వేరుశనగ, నువ్వులు: ఇంటి బేకర్ చేతిలో రోజూ ఉండేవి దాదాపు ఇవే. చాలా చాక్లెట్లలో లెసిథిన్ (కొవ్వును కలిపి ఉంచే పదార్థం) రూపంలో సోయా ఉంటుందని చాలామందికి తెలియదు. బ్రిటన్‌లో 2021 అక్టోబర్ నుంచి, అమ్మే చోటే ముందుగా ప్యాక్ చేసిన పదార్థాలకు పూర్తి పదార్థాల జాబితా ఉండాలి.

సొంత వంటగదిలో అలర్జీల మీద మీకు పట్టు ఎక్కువ, ఎందుకంటే లోపలికి ఏం వస్తుందో మీకు తెలుసు. అద్దె కిచెన్‌లో మీకంటే ముందు వాడినవాళ్లు ఏం పొడి చేశారో మీకు తెలియదు. గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రొటీన్) లేని బేకింగ్ అయితే ఇంకా జాగ్రత్త. గ్లూటెన్ ఫ్రీ అనాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ చెబుతుంది. గోధుమపిండి దుమ్ము గాల్లో లేచి అన్నిటి మీదా పడుతుంది. కాబట్టి గోధుమపిండి వాడే ఏ వంటగదిలోనూ గ్లూటెన్ ఫ్రీ అని రాసి అమ్మొద్దని నా గట్టి సలహా. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు ఆ మాటను నమ్మి తింటారు. అదే మీ వ్యాపారం అయితే ఇంట్లోకి గోధుమపిండి రానివ్వకుండా ఉండగలగాలి, లేదా రెండో దారికి వెళ్లాలి.

వేరే గది కట్టుకోవడం

గ్లూటెన్ లేని బేకింగే మీ వ్యాపారం కావడం రెండో దారికి ఒక గట్టి కారణం. ఇంకొకటి ఆర్డర్లు పెరిగి, కిచెన్ అద్దె నెలనెలా సొంత గది ఖర్చును దాటిపోవడం. ఈ రెండూ లేకుండా కట్టొద్దు.

కట్టాలనుకుంటే ముందు ప్లాన్ గీసి అధికారులకు చూపించండి. చాలా చోట్ల ప్లాన్ చూసి చెప్పే పద్ధతి ఉంది. కాగితం మీద సింక్ జరపడానికి ఖర్చుండదు, పైపులు వేశాక జరపాలంటే ఉంటుంది. ఇంట్లోకి నేరుగా తెరుచుకునే తలుపు, డ్రైనేజీ, గాలి బయటికి పోయే ఏర్పాటు, నేల తుడిచే బకెట్‌కు వేరే చోటు, కరెంటు లోడు: ప్రశ్నలు వచ్చేది వీటి మీదే. ఇళ్లలో వాడే ఓవెన్‌ను పూర్తి లైసెన్స్‌కు కొన్ని చోట్ల ఒప్పుకోరు, కొనే ముందు మోడల్ చూపించి అడగండి. నివాస ప్రాంతంలో వ్యాపారానికి స్థానిక సంస్థ అనుమతి ఉందో లేదో ఫుడ్ సేఫ్టీ ఆఫీసు చెప్పదు, అది వేరే ఆఫీసు. అద్దె ఇల్లయితే యజమాని నుంచి, అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఈ కాగితం మొదటి దారిలో ఉన్నవాళ్లకు కూడా కావాలి. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వ్యాపారం వల్ల వచ్చిన నష్టానికి సాధారణంగా వర్తించదు, కాబట్టి పాలసీ విడిగా మాట్లాడుకోండి.

ఎటూ తేలనివాళ్లకు ఒక మధ్యదారి ఉంది. కుకీలు, మామూలు కేకులు, బ్రెడ్ ఇంటి నుంచి రిజిస్టర్ చేసుకుని అమ్మండి. క్రీమ్ కేకుల ఆర్డర్లను వారంలో ఒకటి రెండు రోజులకు కుదించి, ఆ రోజులకే అద్దె కిచెన్ తీసుకోండి. రెండు చోట్లకూ అనుమతులు విడివిడిగా ఉండాలి, లేబుల్ మీద ఎక్కడ తయారైందో ఆ చిరునామాయే ఉండాలి. దీని లెక్క రాసుకుంటూ పోతే, క్రీమ్ కేకుల మీద వచ్చే ఆదాయం గది కట్టడానికి సరిపోతుందో లేదో అంకెల్లోనే కనిపిస్తుంది. ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం, మెనూ, ప్రతి పదార్థం రెసిపీ, వంటగది కొలతలతో గీసిన కాగితం తీసుకెళ్లండి. వీటిని ముందు పెట్టి, 'నా మెనూకు ఏ వర్గం వర్తిస్తుంది, ఇందులో ఏది మార్చాలి' అని అడగండి. వచ్చిన జవాబును ఈమెయిల్‌లో రాసి పంపమని కోరండి. తనిఖీకి వచ్చే అధికారి మారినా ఆ ఈమెయిల్ మీ దగ్గర ఉంటుంది.